నాలుగు ఎండలు, ఆరు నెలలు

సోయా కోతలు మొదలయ్యాయంటే మరాఠ్వాడాలో, ఇటు ఆదిలాబాద్ జిల్లాలో కూడా, తారు రోడ్డు సగం బండ్లది, సగం పంటది. అంచున వరసగా రాళ్లు పెట్టి, లోపల లేత పసుపు గింజల్ని పలచగా పరిచి, పొద్దుగూకేదాకా కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేస్తుంటారు. రాత్రి ఆ రాళ్లు కనబడక మోటారు సైకిళ్లు పడిపోతాయని పోలీసులు ఏటా హెచ్చరిస్తారు. ఏటా పంట రోడ్డెక్కుతూనే ఉంటుంది. నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలోని సర్ఖని అలాంటి దారి మీది ఊరే. కిన్వట్ నుంచి మాహూర్ రేణుకాదేవి గుడికి వెళ్లేవాళ్లు దాన్ని దాటుకునే పోతారు.

రైతుకు రోడ్డంటే మోజు కాదు. చుట్టూ ఉన్నది నల్లరేగడి. తడి ఆరని రేగడి మీద గింజ పోస్తే కింది నుంచి తేమ ఎక్కుతుంది, మట్టిపెళ్లలు కలుస్తాయి. మట్టి కలిసిందని అడ్తిదారు ధర కోస్తాడు. గట్టిగా, చదునుగా, మధ్యాహ్నానికి కాలిపోయేంత వేడిగా ఉండే చోటు చాలా ఊళ్లలో ఒక్కటే, ప్రభుత్వం వేసిన రోడ్డు.

1956 దాకా కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో కిన్వట్, రాజురా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిల్ అప్పటి బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. నాందేడ్ జిల్లాలో ఉన్న ముధోల్ ప్రాంతం ఇటు ఆదిలాబాద్‌లో కలిసింది. గీత జరిగింది గానీ నేల జరగలేదు. మరాఠీ, తెలుగు, గోండి, లంబాడీ ఈ సంతల్లో కలిసే వినబడతాయి. పత్తి, సోయా, కంది, జొన్న రెండు వైపులా ఉన్నవే. సర్ఖని రైతు లెక్క చెబితే ఆదిలాబాద్ రైతు లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

ఆరబోసుకునే చోటు కోసం ఎంత పెద్ద తగవు జరగగలదో తెలంగాణ చూసింది. ఉపాధి హామీ నిధులతో రాష్ట్ర ప్రభుత్వం రైతుల పొలాల్లో సిమెంటు కల్లాలు కట్టించింది. చట్టం ఒప్పుకున్న పనుల్లో అవి లేవు కాబట్టి రూ.151 కోట్లకు పైగా వెనక్కి కట్టమంది కేంద్రం. తీర ప్రాంతాల్లో చేపలు ఎండబెట్టే దిమ్మెలకు ఒప్పుకున్నవాళ్లు వడ్లు ఎండబెట్టే కల్లానికి ఎందుకు ఒప్పుకోరని రాష్ట్రం నిలదీసింది. 2022 డిసెంబరులో దీని మీద జిల్లా కేంద్రాల్లో ధర్నాలు జరిగాయి. నిబంధన ఎవరి వైపు ఉందన్నది పక్కన పెడదాం. కోత తర్వాతి నష్టం తగ్గించాలని పెద్ద పెద్ద సదస్సుల్లో చెప్పేదానికి ఊళ్లో మొదటి మెట్టు ఆ సిమెంటు దిమ్మే. దాని దగ్గరే వ్యవహారం ఆగిపోయింది.

సోయా కోతకు అదను చాలా ఇరుకు. ఆకు రాలి, కాయ గోధుమ రంగుకు తిరిగాక కొయ్యాలి. కూలీలు దొరకలేదని వారం ఆగితే ఎండకు కాయ చిట్లి గింజ నేలపాలవుతుంది. ముందే కోస్తే గింజ పచ్చిగా ఉంటుంది. కోసి కుప్ప వేశాక వాన తగిలిందా, కుప్ప లోపల ఆవిరి పుట్టి గింజ నల్లబడుతుంది, బూజు పడుతుంది, ఒక్కోసారి కాయలోనే మొలకెత్తుతుంది. నైరుతి రుతుపవనాలు వెనక్కి పోతూ పోతూ కురిసేది సరిగ్గా ఆ వారాల్లోనే. పర్భణీలోని వసంతరావు నాయక్ మరాఠ్వాడా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఎం.ఏ.యు.ఎస్. 158 లాంటి రకాలు తెచ్చింది. వాటి కాయలు అంత తొందరగా చిట్లవు కాబట్టి రైతుకు కొన్ని రోజులు కలిసొస్తాయి. వానను మాత్రం ఏ రకమూ ఆపలేదు. పెద్ద టార్పాలిన్ ఉన్న ఇంటి కుప్పకూ లేని ఇంటి కుప్పకూ ఒక్క రాత్రిలో ఎంత తేడా వస్తుందో పల్లెల్లో అందరికీ తెలుసు. టార్పాలిన్లకు సబ్సిడీ ఇస్తే వార్త కాదు గనుక అది పథకాల జాబితాలో ఎప్పుడూ అట్టడుగునే ఉంటుంది.

పంటలో సగానికి సగం కోత తర్వాతే పోతుందని సభల్లో చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. నలభై శాతం అనే అంకె మరీ నోటికి వచ్చేసింది. కొలిచి చూసినవాళ్ల లెక్కలు అలా లేవు. లూధియానాలోని కేంద్ర కోత అనంతర పరిశోధన సంస్థ సీఫెట్ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం ధాన్యాల్లో నష్టం సుమారు 4.65 నుంచి 5.99 శాతం, పప్పుల్లో 6.36 నుంచి 8.41 శాతం. కూరగాయల్లో టమాటా 12.44, పళ్లలో జామ 15.88. దేశం మొత్తానికి రూ.92,651 కోట్లు. నాబార్డ్ అనుబంధ సంస్థ నాబ్కాన్స్ 2022లో మళ్లీ లెక్క కట్టింది. శాతాలు కాస్త తగ్గాయి, ధరలు పెరగడంతో విలువ మాత్రం లక్షా యాభై రెండు వేల కోట్లు దాటింది. ప్రపంచం మొత్తం మీద కోతకూ చిల్లర దుకాణానికీ మధ్య పోయేది దాదాపు 14 శాతమని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2019లో చెప్పింది.

మన సర్ఖని రైతుకు పనికొచ్చే అంకె ఈ నివేదికల్లో ఒకటుంది. 2015 లెక్కలో నూనెగింజల్లోకెల్లా ఎక్కువ నష్టపోయింది సోయా, 9.96 శాతం. పదిలో ఒక బస్తా! అందులోనూ ఎక్కువ భాగం గోదాములో పోయింది కాదు. కోత, కుప్ప, నూర్పిడి దగ్గర, పొలం దాటకముందే పోయింది. 2022 నాటికి అది 7.51కి దిగింది. నలభై శాతం అని గుండెలు బాదుకోనక్కర్లేదు, అయిదెకరాల కుటుంబానికి ఈ ఏడున్నరే చాలు.

ఈ శాతాల్లోకి ఎక్కని నష్టం మరొకటి ఉంది. గింజ పోదు, ధర పోతుంది.

సోయా కొనుగోలుకు ప్రమాణం 12 శాతం తేమ. రైతు 16 శాతం తేమతో వంద కిలోలు తెచ్చాడనుకుందాం. అదే గింజను 12 శాతానికి ఎండబెడితే తూకం తొంభై అయిదున్నర కిలోలకు దిగుతుంది. అంటే న్యాయంగా తరుగు తీయాల్సింది నాలుగున్నర కిలోలు. యార్డులో తరుగు ఈ కూడికలు తీసివేతల మీద నడవదు. గింజ చేతిలోకి తీసుకుని, నోట్లో వేసుకుని కొరికి, "పచ్చిగుంది" అని ఒక మాట అంటే క్వింటాలుకు కొన్ని వందలు పడిపోతాయి. రైతు వైపు ఇంకో తిరకాసు కూడా ఉంది. ఎండబెడితే బరువు తగ్గుతుంది, ఆ తగ్గిన బరువుకు సరిపడా ధర పెరుగుతుందని నమ్మకం లేదు, మరి రెండు రోజుల కూలి పెట్టి ఎండబెట్టడం ఎందుకు? రైతులకు అవగాహన లేదని తేల్చేసేవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పరు. తేమ కొలిచే మిషన్ వ్యాపారి బల్ల మీద ఉండి, రైతు ఇంట్లో లేనంత కాలం ఎండబెట్టినవాడి కష్టానికి సాక్ష్యం ఉండదు.

మిషన్ లేకపోతే ఒక పాత ఉపాయం ఉంది. శుభ్రంగా ఎండిన గాజు సీసాలో మూడో వంతు గింజలు పోసి, వాటిలో రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత బిగించి బాగా కుదపాలి. పావుగంట అలా వదిలేయాలి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే. అంటుకోకుండా రాలిపోతే 15 లోపు. అంతకంటే కచ్చితంగా చెప్పలేదు గానీ, ఆఫ్రికాలో మొక్కజొన్న రైతులకు దశాబ్దాలుగా నేర్పుతున్న పరీక్ష ఇది. మార్కెట్‌కు బండి కట్టాలా, ఇంకో ఎండ చూపించాలా అన్నది తేల్చుకోవడానికి సరిపోతుంది.

2024 ఖరీఫ్‌లో సోయా మద్దతు ధర క్వింటాలుకు రూ.4,892. బయటి మార్కెట్ అంతకంటే బాగా కిందనే నడిచింది. కొనుగోలు కేంద్రాలకు తెచ్చిన సరుకును తేమ పేరుతో తిప్పి పంపుతుంటే గొడవలయ్యాయి. మహారాష్ట్ర అసెంబ్లీ ఎన్నికల ముందు, నవంబరులో, కేంద్రం ఆ ఏటికి 15 శాతం తేమ దాకా కొనడానికి ఒప్పుకుంది. ఎన్నికల వేళ తేమకు కూడా కనికరం పుడుతుందన్నమాట. పత్తికీ ఇదే బాధ. భారత పత్తి సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇచ్చేది 8 శాతం తేమకే. 12 దాకా శాతానికింత అని తగ్గించి కొంటుంది. ఆపైన ముట్టుకోదు. ఆదిలాబాద్ మార్కెట్ తెరిచిన మొదటి రోజు తేమ మీద తగవు లేకుండా గడిచిన సంవత్సరం చెప్పమంటే అక్కడి పాత్రికేయులు ఆలోచించాల్సిందే. అక్టోబరు మంచులో ఏరిన పత్తికి తేమ ఉండక తప్పదు. ఇంట్లో పరిచి ఆరబెడదామంటే పడుకునే గదే పత్తి గది.

మంచి ధర వచ్చేదాకా ఆగొచ్చు కదా అని పట్నంవాళ్లు తేలిగ్గా అంటారు. విత్తనం, ఎరువు, మందు అప్పు మీద తెచ్చిన దుకాణం కోతల దాకానే ఆగుతుంది. నూర్పిడి మిషన్ కిరాయి, కూలి అప్పటికప్పుడు ఇవ్వాలి. దీపావళి నెత్తిన ఉంటుంది. ఊరంతా ఒకేసారి అమ్ముతుంది కాబట్టి ధర పాతాళంలో ఉంటుంది. ఆగలేనివాడే ఎక్కువ నష్టపోతాడు. ఎండ నాలుగు రోజులు కావాలి, అప్పులవాడు ఆరు నెలలు ఆగాలి. ఈ రెండూ సమకూరిస్తే రైతుకు మిగతావి నేర్పేవాళ్లు అంతగా అక్కర్లేదు.

ఆ ఆరు నెలల కోసం పుట్టిన ఏర్పాటు మహారాష్ట్రలో 1990 నుంచీ ఉంది. దాని పేరు శేత్‌మాల్ తారణ్ కర్జ్ యోజన. రాష్ట్ర వ్యవసాయ మార్కెటింగ్ బోర్డు, మార్కెట్ కమిటీలు కలిసి నడుపుతాయి. సోయా, కంది, పెసర, మినుము, శనగ, పసుపు లాంటి సరుకును కమిటీ గోదాములో పెడితే, ఆ రోజు విలువలో 75 శాతం దాకా ఆరు శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. 180 రోజుల్లో తీర్చి సరుకు విడిపించుకోవాలి. తెలుగు రాష్ట్రాల మార్కెట్ యార్డుల్లోనూ ఇలాంటి తాకట్టు రుణం పాతదే. రైతుబంధు అన్న పేరు ఎకరాకు ఇంత అని పెట్టుబడి ఇచ్చే పథకానికి రాకముందు, యార్డులో సరుకు మీద అప్పు ఇచ్చే పథకానికి ఉండేది. 2007లో గోదాముల చట్టం వచ్చింది, 2017 నుంచి గోదాము రసీదు ఎలక్ట్రానిక్ రూపంలో కూడా వస్తోంది. ఆ రసీదు తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్నది చిన్న రైతుకు ఎందుకు అందదు? గోదాము తాలూకా కేంద్రంలో ఉంటుంది, రైతు దగ్గర ఉన్నవి పన్నెండు బస్తాలు. అంతకు ఆటో కిరాయి, హమాలీ, తూకం, మళ్లీ విడిపించేటప్పుడు ఇవన్నీ రెండోసారి. సరుకు ప్రమాణానికి తగ్గట్టు ఎండి, శుభ్రంగా ఉంటేనే గోదాము తీసుకుంటుంది, అంటే కథ మళ్లీ కల్లం దగ్గరికే వచ్చింది. పైగా అప్పు ఇచ్చిన అడ్తిదారుకే సరుకు తోలాలన్న మాట ముందే అయిపోయి ఉంటుంది. పదిమంది కలిసి ఒక లారీ నింపితే ఖర్చు తగ్గుతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు గోదాములు కట్టిస్తామనడంలో ఉన్న ఆలోచన అదే. ప్రపంచ బ్యాంకు సాయంతో నాందేడ్ సహా మరాఠ్వాడా, విదర్భ జిల్లాల్లో నడిచిన నానాజీ దేశ్‌ముఖ్ కృషి సంజీవని ప్రాజెక్టు కింద సంఘాలకు గోదాములు, శుభ్రపరిచే యంత్రాలకు డబ్బు వచ్చింది. 2020లో కేంద్రం లక్ష కోట్లతో ప్రకటించిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి రెండు కోట్ల దాకా అప్పు మీద మూడు శాతం వడ్డీ భరిస్తుంది. ప్రాథమిక సహకార సంఘాల దగ్గరే గిడ్డంగులు కట్టే పథకంలో మొదటి విడత పదకొండు సంఘాలను 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. వాటిలో మహారాష్ట్ర నుంచి అమరావతి జిల్లా నేర్‌పింగళాయి, తెలంగాణ నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లా గంభీరావుపేట ఉన్నాయి. ఊరి సంఘం దగ్గరే గోదాము ఉంటే ఆటో కిరాయి మిగులుతుంది. అది చిన్న సంగతి కాదు.

ఆగగలిగితే నిజంగా లాభముందా అన్నదాన్ని కెన్యాలో పరీక్ష పెట్టి చూశారు. పశ్చిమ కెన్యా రైతు కోతలప్పుడు మొక్కజొన్న చవగ్గా అమ్మేసి, ఆరేడు నెలల తర్వాత తినడానికి అదే మొక్కజొన్న ఎక్కువ ధరకు కొనుక్కుంటాడు. పిల్లల బడి ఫీజు కోతల వేళకే రావడం దానికి ఒక కారణం. వన్ ఏకర్ ఫండ్ అనే సంస్థ ద్వారా కొందరికి సరిగ్గా కోతల సమయంలో చిన్న అప్పు ఇచ్చి, మిగతావాళ్లతో పోల్చి చూశారు మార్షల్ బర్క్, లారెన్ బెర్గ్‌క్విస్ట్, ఎడ్వర్డ్ మిగెల్ అనే ఆర్థికవేత్తలు. 2019లో అచ్చయిన ఆ అధ్యయనంలో అప్పు తీసుకున్నవాళ్లు అమ్మకం వాయిదా వేశారు, పెట్టిన డబ్బు మీద దాదాపు 29 శాతం లాభం చూశారు. ఇంకో విశేషం కూడా బయటపడింది. ఎక్కువమందికి అప్పు అందిన చోట కోతలప్పటి ధర అంతగా పడలేదు, అప్పు తీసుకోనివాళ్లకు కూడా మేలు జరిగింది. అక్కడ ఎవరూ రైతుకు కొత్త వ్యవసాయం నేర్పలేదు. వ్యవధి ఇచ్చారు, అంతే.

ఆగడమంటే దాచడం. సోయా నూనె మిల్లుకు పోయేది, ఇంట్లో ఎక్కువ రోజులుండదు. కంది అలా కాదు, ఇంటి తిండికి ఏడాదంతా ఉండాలి. కందికి పుచ్చు పురుగు పొలంలోనే తగులుకుంటుంది. తల్లి పురుగు కాయ మీద గుడ్డు పెడుతుంది, పిల్ల గింజలోకి తొలుచుకుపోతుంది, బస్తాలో కట్టిన నెల రోజులకు గుండ్రటి కన్నం చేసుకుని రెక్కలతో బయటికొస్తుంది. వెంటనే పక్క గింజల మీద మళ్లీ గుడ్లు. మూడు నాలుగు తరాలకు బస్తాలో మిగిలేది పిండి, పొట్టు. అందుకే ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం, బూడిద కలపడం, వేపాకు పొరలు వేయడం, పప్పుగా పగలగొట్టి ఆముదం రాయడం అని ఇంటింటికో పద్ధతి. మట్టి, నూనె ఉన్న గింజ మీద గుడ్డు సరిగా అంటదు, అంటినా బతకదు. అమ్మమ్మల చాదస్తం కాదది. కిలోకు అయిదు మిల్లీలీటర్ల నూనె పట్టించమని వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కూడా చెబుతాయి.

జొన్నలకు పాతర ఉండేది, మరాఠీవాళ్లు పేవ్ అంటారు. ఎత్తయిన గట్టి నేలలో బావిలా తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పేర్చి, గింజ నింపి, పైన మట్టితో మెత్తేవారు. లోపలి గింజా పురుగూ కలిసి ఉన్న గాలిని పీల్చేసుకుంటే మిగిలేది బొగ్గుపులుసు వాయువు. పురుగు బతకదు. పాతర తెరిచిన వెంటనే మనిషిని లోపలికి దిగనిచ్చేవారు కాదు, దిగితే ప్రాణం మీదికొస్తుందని తెలుసు.

1980ల చివర అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం కీటక శాస్త్రవేత్త లారీ మర్డాక్ కామెరూన్ రైతులతో కలిసి పనిచేస్తూ అలసందల్లో పుచ్చును ఇదే సూత్రంతో పట్టుకున్నాడు. రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు ఒకదానిలో ఒకటి, వాటి మీద మామూలు నేత సంచి, ఒక్కో మూతి విడివిడిగా మెలిపెట్టి కట్టాలి. అదే పిక్స్ సంచి. అందులో పురుగు ఎలా చస్తుందన్నది వినదగ్గ సంగతి. ఎండు గింజలో పురుగుకు తాగడానికి నీళ్లుండవు. తిన్నదాన్ని ప్రాణవాయువుతో మండించుకున్నప్పుడు ఒంట్లో పుట్టే నీటితోనే బతుకుతుంది. గాలి అందకపోతే నీరూ పుట్టదు. ఊపిరాడక చావడం కంటే ముందు దాహంతో చస్తుంది. మందు బిళ్లల అవసరం లేదు. గింజ నిల్వకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పడుకునే గదిలో బస్తాల మధ్య పెట్టి కుటుంబాలకు కుటుంబాలు పోయిన ఘటనలు మన పత్రికల్లోనే వస్తుంటాయి. ఆ లెక్కన ఈ సంచి విలువ ఇంకా ఎక్కువ.

టాంజానియాలో కొన్ని కుటుంబాలకు ఇలాంటి గాలి చొరని సంచులు అయిదేసి ఇచ్చి, ఇవ్వనివాళ్లతో పోల్చారు. గింజలు అయిపోయే కరువు నెలల్లో తీవ్రంగా తిండికి ఇబ్బంది పడే కుటుంబాలు దాదాపు 38 శాతం తగ్గాయి. అయిదు సంచులకు ఇంత ఫలితమా అనిపిస్తుంది. మన దగ్గర మాత్రం పల్లె దుకాణంలో ఈ సంచి అడిగితే ఏదో కొత్త ఎరువు పేరనుకుంటారు. మామూలు గోనెకంటే ఖరీదు ఎన్నో రెట్లు, ఎలుక కొరికితే సంచి పని అయిపోయినట్టే, పచ్చి గింజ పోసి కడితే బూజు పట్టి అంతా పాడవుతుంది. సబ్సిడీ ఇచ్చి పంచేవాళ్లు ఈ మూడో సంగతి గట్టిగా చెప్పకపోతే మేలు బదులు కీడే. మధ్య అమెరికాలో స్విట్జర్లాండ్ సాయంతో 1980ల నుంచి రేకు గాదెలు ప్రచారం చేసినప్పుడు ఊళ్లలోని రేకు పనివాళ్లకే తయారీ నేర్పించారు. కొనేవాడికి మరమ్మతు చేసేవాడు పక్క వీధిలోనే ఉన్నాడు గనుక లక్షల గాదెలు ఇళ్లలోకి చేరాయి.

బూజు సంగతి ధరతో తెగేది కాదు. 1974లో రాజస్థాన్ బాన్‌స్వారా, గుజరాత్ పంచమహల్ జిల్లాల్లో భిల్లు పల్లెల్లో జనానికి కామెర్లు వచ్చి, పొట్ట ఉబ్బి చనిపోవడం మొదలైంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి చూశారు. కోతల వేళ అకాల వానకు తడిసిన మొక్కజొన్నను సరిగా ఆరకుండానే ఇళ్లలో దాచుకున్నారు. దాని మీద పెరిగిన బూజు విడిచిన అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని తినేసింది. ఆ ఇళ్ల కుక్కలు కూడా చచ్చాయి. ఆసుపత్రుల లెక్కకు వచ్చిన 397 మందిలో 106 మంది మరణించారు. వేరే తిండి లేనివాడే బూజు పట్టిన గింజ తిన్నాడు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తర్వాత చవకగా అఫ్లటాక్సిన్ కనిపెట్టే పరీక్షను తయారు చేసింది. దాని సాయంతో ఆఫ్రికాలోని మలావీ వేరుశనగ రైతులు మళ్లీ విదేశాలకు సరుకు పంపగలిగారు. మిర్చి మార్కెట్‌కు పేరున్న నాందేడ్ జిల్లా ధర్మాబాద్ నుంచి గుంటూరు దాకా ఎర్ర మిరపకు ఇదే బెడద. కల్లంలో సరిగా ఎండని కాయ ఎగుమతి పరీక్షలో తప్పుతుంది.

పళ్లు, కూరగాయల కథ వేరు, వాటికి రోజుల వ్యవధి కూడా ఉండదు. ఆ వైపు మరాఠ్వాడా నుంచే ఒక మంచి ఉదాహరణ వచ్చింది. వైభవ్ తిడ్కే, ఆయన మిత్రులు మొదలుపెట్టిన ఎస్4ఎస్ టెక్నాలజీస్ ఊళ్లలో ఆడవాళ్లకు సౌర డ్రయ్యర్లు ఇచ్చి, ధర పడిపోయిన ఉల్లి, టమాటా, అల్లం ముక్కలు చేసి ఎండబెట్టించి, ఆహార కంపెనీలకు అమ్ముతుంది. 2023లో దీనికి ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. బహుమతి కంటే ముఖ్యమైంది కొనేవాడు ముందే ఖాయం కావడం. డ్రయ్యర్ ఇచ్చి మార్కెట్ చూపించని పథకాలు చాలా చోట్ల షెడ్డులో తుప్పు పట్టి ఉన్నాయి.

ఇక సోయా దగ్గరికి వస్తే, అక్టోబరు తడి అక్టోబరుతో పోదు. 2019లో అక్టోబరు చివర, నవంబరు మొదట్లో మహారాష్ట్ర అంతటా అకాల వానలు కోతకొచ్చిన సోయాను తడిపేశాయి. అదే పంట నుంచి విత్తనం వచ్చింది. 2020 జూన్‌లో విత్తితే చాలా పొలాల్లో మొలక రాలేదు. ఫిర్యాదులు వేలల్లో వచ్చాయి. బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం తనంతట తానే విచారణకు తీసుకుంది. నకిలీ విత్తనాల వ్యవహారం అందులో కొంత ఉండొచ్చు గానీ, తడిసిన గింజ మొలవకపోవడానికి మోసం అక్కర్లేదు.

సోయా గింజ పైపొర చాలా పలచన. మొలక దాని కిందే ఉంటుంది. త్రెషర్ డ్రమ్ము వేగంగా తిరిగితే పైకి మచ్చ లేకుండానే లోపల దెబ్బ తింటుంది. అందుకే విత్తనానికి ఉంచే గింజను నూర్చేటప్పుడు నిమిషానికి నాలుగైదు వందల చుట్లకు మించకూడదని చెబుతారు. కిరాయికి వచ్చిన త్రెషర్‌వాడికి గంటకు ఎన్ని బస్తాలు అన్నదే లెక్క కాబట్టి, విత్తనం భాగం వేరు చేసి అతని దగ్గర నిలబడి నెమ్మదిగా తిప్పించుకోవాలి. బస్తాలు ఎత్తు నుంచి పడేయకూడదు, నేలకు ఆనించకుండా చెక్కబల్ల మీద పెట్టాలి, అయిదు బస్తాలకు మించి పేర్చకూడదు. సోయా హైబ్రిడ్ కాదు గనుక ఒకసారి మంచి విత్తనం కొన్న రైతు రెండు మూడేళ్లు సొంత గింజ వాడుకోవచ్చు. ఏటా విత్తన బస్తాకు పెట్టే డబ్బు మిగులుతుంది.

మే నెలలో చేయాల్సిన పని ఒకటి. బస్తాలో పైనుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి కలిపి తీసిన వంద గింజల్ని తడిపిన గోనె మీద పదేసి చొప్పున పది వరసలుగా పేర్చి, చుట్టచుట్టి నీడన పెట్టి, రోజూ నీళ్లు చల్లాలి. వారానికి విప్పి లెక్కపెట్టాలి. డెబ్భై మొలిస్తే ఎకరాకు ముప్పై కిలోలు సరిపోతాయి. కాస్త తగ్గితే ఆ మేరకు విత్తు పెంచుకోవాలి. సగం కూడా రాకపోతే ఆ బస్తా నూనె మిల్లుకే. మృగశిర వానలు పడటానికి ఇంకా రెండు మూడు వారాలుంటాయి. విత్తనం వేరే చోట వెతుక్కోవడానికి ఆ వ్యవధి చాలు.